అద్దాల వెనుక చేతులు

సాలార్ జంగ్ మ్యూజియంలోని సంగీత గడియారాన్ని చూడని హైదరాబాదీయులు అరుదు. గంట నిండే సమయం సమీపించే కొద్దీ దాని ముందు జనం గుమిగూడతారు. పల్లెల నుండి వచ్చిన యాత్రికులు, పాఠశాల బాలబాలికలు, పసిపాపలను భుజాన వేసుకున్న తల్లులు, అందరూ ఒకే వైపు చూపు నిలిపి నిరీక్షిస్తారు. చిన్న తలుపు తెరుచుకుంటుంది. గడ్డం గల మనిషి బొమ్మ ఒకటి వెలుపలికి వచ్చి, ఎన్ని గంటలైనదో అన్ని మార్లు గంట మోగించి లోపలికి మరలిపోతుంది. చూచినవారు ఆనందంతో చప్పట్లు చరిచి, తరువాతి గదికి సాగిపోతారు.

ఆ గడియారాన్ని సేకరించిన వంశం పేరు మనకు తెలుసు. మూడవ సాలార్ జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ (1889–1949) తన జీవితాన్నీ ఐశ్వర్యాన్నీ కళాఖండాల సేకరణకే ధారపోశారని పాఠాలలో చదువుకున్నాము. ఆయన మరణానంతరం 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలో మ్యూజియాన్ని ప్రారంభించినవారు జవహర్‌లాల్ నెహ్రూ అనీ, 1961లో పార్లమెంటు చట్టం ద్వారా దానికి జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా గుర్తింపు లభించినదనీ, 1968లో మూసీ ఒడ్డునున్న నేటి భవనంలోకి అది మారినదనీ కూడ తెలుసు. దానిపై కనిపించే తయారీదారులు కలకత్తాకు చెందిన కుక్ అండ్ కెల్వీ వారన్న సంగతి సైతం కొందరికి తెలుసు. అయితే ఆ గడియారం నేటికీ ఎందువలన నడుస్తున్నది? 350కి పైగా భాగాలు ఉన్నవని చెప్పే ఆ యంత్రంలో అరిగిన పంటి చక్రాన్ని గుర్తించి సరిచేసేది ఎవరు? 1968లో వేలకొలది గాజు, పింగాణి వస్తువులను పాత దేవిడీ నుండి కొత్త భవనానికి తరలించినప్పుడు వాటిని గడ్డిలో, దూదిలో పొదిగి చేతులమీద మోసినది ఎవరు? ఈ ప్రశ్నలకు మాలో ఎవరమూ సమాధానం చెప్పలేకపోయాము. ఆ సిగ్గే ఈ వ్యాసానికి కారణం.

ప్రదర్శనశాల అనగానే మన మనస్సులో మెదిలేది వస్తువు. దాని తరువాత సేకర్త. ఆ తరువాత పరిశోధకుడు. వస్తువు నిలుచున్న పీఠాన్ని చెక్కినవాడు, దానిని పట్టి ఉంచిన ఇత్తడి కొక్కేన్ని వంచినవాడు, గాజుపెట్టెను బిగించినవాడు, దీపాన్ని అమర్చినవాడు, ఆ దీపం ఆరినప్పుడు నిచ్చెన ఎక్కేవాడు మన తలపులోనికే రారు. వారిని నేడు టెక్నీషియన్లు అంటున్నారు. వీరిలో వడ్రంగులు ఉన్నారు, ఫిట్టర్లు ఉన్నారు, ఎలక్ట్రీషియన్లు ఉన్నారు, నమూనాలు చేసే శిల్పులు, అక్షరాలు వ్రాసే చిత్రకారులు ఉన్నారు. వీరి పనిని గురించి మన సమాజంలో ఉన్న అభిప్రాయం ఒక్కటే: అది మేస్త్రీ పని, చదువుకున్నవారికి తగినది కాదు. ఈ అభిప్రాయం అసత్యమనీ, అసత్యమే గాక హానికరమనీ మా వాదన.

మొదట ఆ పనిలో ఉన్న విద్య ఎట్టిదో చూద్దాము. పాత పట్టుచీరను ప్రదర్శించాలనుకోండి. మేకు కొట్టి వ్రేలాడదీస్తే దాని బరువుకే పోగులు తెగిపోతాయి. అందుచేత ఏటవాలు పలకపై మెత్తని గుడ్డ పరచి, బరువు అంతటా సమంగా పడునట్లు ఆనించాలి. దీపం ఎంత ఉండాలి? వెలుతురును కొలిచే ప్రమాణానికి లక్స్ అని పేరు. మన మిట్టమధ్యాహ్నపు ఎండలో అది దాదాపు 1,00,000 వరకు ఉంటుంది. వస్త్రాలకు, కాగితాలకు, నీటిరంగుల చిత్రాలకు 50 లక్స్‌లు మించరాదన్నది మ్యూజియంలు సాధారణంగా పాటించే నియమం. తైలవర్ణ చిత్రాలకు సుమారు 200 వరకు అనుమతిస్తారు. వెలుతురు వలన రంగుకు కలిగిన నష్టం దీపం ఆర్పినంత మాత్రాన తిరిగి రాదు; అది రోజురోజుకూ జమ అవుతూనే ఉంటుంది. చీకటిగా ఉన్నదని సందర్శకులు విసుగుకొనే గదిలో నిజానికి ఒక టెక్నీషియన్ మీటరు చేతబట్టి, వస్తువుకు అపకారం లేకుండా మన కంటికి ఉపకారం జరిగే మధ్యేమార్గాన్ని వెదికి పెట్టాడని మనకు తెలియదు.

ఇక గాజుపెట్టె సంగతి. దుమ్ము సోకకుండా మూసివేస్తే వస్తువు క్షేమమని మనం అనుకుంటాము. కాని పెట్టెయే వస్తువుకు శత్రువు కావచ్చు. కొన్ని జాతుల కలప నుండి, ప్లైవుడ్డులోని జిగురు నుండి ఆమ్లపు ఆవిరులు వెలువడి, మూసిన పెట్టెలో నిలిచి, సీసాన్నీ కంచునూ తినివేస్తాయి. ఉన్ని, రబ్బరు వంటి వాటిలోని గంధకం వెండిని నల్లబరుస్తుంది. దీనిని ముందుగా తెలుసుకునేందుకు బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసిన ఆండ్రూ ఆడీ 1973లో ఒక సులభమైన పరీక్షను ప్రతిపాదించారు. పెట్టెకు వాడదలచిన కలప ముక్కనో, గుడ్డ పీలికనో వెండి, రాగి, సీసపు చిన్న రేకులతోను, కొద్దిపాటి నీటితోను కలిపి గాజు గొట్టంలో బిగించి, 60 డిగ్రీల వేడిలో 28 రోజులు ఉంచుతారు. రేకులు మెరుపు కోల్పోకుంటే ఆ వస్తువు వాడదగినది, మాసిపోతే వాడరానిది. మన రసాయనశాస్త్ర విద్యార్థులకు ఇది అందని విద్య కాదు. అయినప్పటికీ అద్దాల బీరువా చేయడమంటే రసాయనశాస్త్రమని మనకు ఏ తరగతిలోనూ ఎవరూ చెప్పలేదు.

వానకాలంలో గాలిలోని చెమ్మ పెరుగుతుంది, వేసవిలో తగ్గుతుంది. కలప దానితో పాటు ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది, ఏనుగుదంతం పగులుతుంది, కాగితానికి బూజు పడుతుంది. మన ప్రయోగశాలలో డెసికేటరు అడుగున పోసే సిలికా జెల్ గుళికలనే గాజుపెట్టె అడుగు అరలో దాచి, సకాలంలో తీసి ఆరబెట్టి మరల పెట్టడం కూడ ఈ టెక్నీషియన్ల నిత్యవిధి. ఒక్క నెల మరచినా ఎవరూ గమనించరు. పది సంవత్సరాలు మరచితే వస్తువు మిగలదు. ఈ వృత్తిలోని కష్టం ఇక్కడే ఉన్నది: పని చక్కగా జరిగినంత కాలం అది కనబడదు, జరగనప్పుడు మాత్రమే కనబడుతుంది.

మన ప్రాంతంలోనే ఇందుకు గొప్ప నిదర్శనాలు ఉన్నాయి. నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగినది. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి వెలసిన లోయ నీట మునగక తప్పదని తేలిన పిదప, పురావస్తు శాఖవారు 1954 నుండి 1960 వరకు అక్కడ విస్తృతంగా త్రవ్వకాలు జరిపారు. లోయలో బయల్పడిన కట్టడాలలో ముఖ్యమైన తొమ్మిదింటిని విప్పి, ఎత్తైన స్థలంలో తిరిగి నిలబెట్టారు. మరికొన్నింటికి చిన్న ప్రమాణంలో నమూనాలు కట్టారు. 1966లో ఏర్పడిన నాగార్జునకొండ మ్యూజియంలో మునిగిన లోయ మొత్తానికీ ఒక నమూనా ఉన్నది. నేడు ఆ లోయను చూడాలంటే ఆ నమూనా తప్ప వేరు దారి లేదు. ప్రతి ఇటుకకూ గుర్తు వేసి, కొలత వ్రాసి, ఉన్నది ఉన్నట్లు మరొక చోట పేర్చిన చేతులు లేకున్నచో మన చరిత్రలో ఒక అధ్యాయమే జలగర్భంలో కలిసిపోయి ఉండేది. త్రవ్వకాలను నడిపిన అధికారుల పేర్లు నివేదికలలో నిలిచాయి. తాపీ మేస్త్రీల పేర్లు ఏ సామాన్య పాఠకుని వరకూ రాలేదు.

పబ్లిక్ గార్డెన్స్‌లోని పురావస్తు మ్యూజియంలో ఈజిప్టు దేశపు మమ్మీ ఒకటి ఉన్నదని అందరికీ తెలుసు. నజీర్ నవాజ్ జంగ్ తెచ్చిన ఆ మమ్మీ ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ద్వారా ఆ మ్యూజియానికి 1930లో చేరినది. కాలక్రమేణా అది చెడిపోసాగినప్పుడు, 2016లో ఎక్స్-రే, సి.టి. స్కాన్ పరీక్షలు జరిపి, సరిచేసి, ఆక్సిజన్ లేని ప్రత్యేకమైన పెట్టెలో ఉంచే ఏర్పాటు చేశారు. ఆక్సిజన్ లేనిచోట పురుగు బ్రతుకదు, బూజు ఎదగదు. కాని అట్టి పెట్టె ఒకసారి చేసి మరచిపోయే వస్తువు కాదు. దాని అతుకులు బిగువుగా ఉన్నవో లేవో ఎవరో ఒకరు చూస్తూనే ఉండాలి. రెండు వేల సంవత్సరాలకు పైగా నిలిచిన దేహం ఈనాడు ఒక రబ్బరు పట్టీ మీద ఆధారపడి ఉన్నదంటే అది అతిశయోక్తి కాదు.

మన నగరంలోనే, నౌబత్ పహాడ్ మీద ఉన్న బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటాసారస్ అను రాక్షసబల్లి అస్థిపంజరం నిలబడి ఉన్నది. ఆదిలాబాద్ ప్రాంతపు యామన్‌పల్లి గ్రామం వద్ద 1970ల చివరి కాలంలో దొరికిన ఎముకలవి. 1988లో యాదగిరి అను శాస్త్రజ్ఞుడు దానికి శాస్త్రీయ నామం పెట్టారు. దొరికినది ఒక్క జంతువు కాదు. కనీసం 12 జంతువుల ఎముకలు, 840 భాగాలు కలగాపులగంగా దొరికాయి. వాటిలో నుండి ఏరి, దాదాపు 9 మీటర్ల పొడవు గల ఒక్క రూపాన్ని నిలబెట్టవలసి వచ్చినది. శిలగా మారిన ఎముక మిక్కిలి బరువు, మిక్కిలి పెళుసు. దానిని మోసే ఇనుప చట్రం బలంగా ఉండాలి, కాని కంటికి అడ్డు రాకూడదు. ఎముకను గట్టిగా పట్టుకోవాలి, కాని నొక్కి విరగకొట్టకూడదు. భూగర్భశాస్త్రమూ, శరీర నిర్మాణశాస్త్రమూ, కమ్మరి పనీ ఒక్కచోట కలిస్తేనే ఆ జంతువు నాలుగు కాళ్ల మీద నిలుచున్నది.

వస్తువులను భద్రపరచే మ్యూజియంలు ఒక తెగ కాగా, వస్తువులను తాకి ఆడించి నేర్చుకొనే విజ్ఞాన మ్యూజియంలు మరొక తెగ. మన దేశంలో వీటికి దారి చూపినది కలకత్తాలో 1959 మే 2న తెరచిన బిర్లా పారిశ్రామిక, సాంకేతిక మ్యూజియం. 1965లో వారు ప్రదర్శన వస్తువులను బస్సులో అమర్చి పల్లెలకు పంపనారంభించారు. 1978లో జాతీయ విజ్ఞాన మ్యూజియంల మండలి ఏర్పడినది. ఆ మండలి వారి కేంద్రమొకటి తిరుపతిలోనూ ఉన్నది. ఈ సంస్థల విశిష్టత ఏమనగా, ప్రదర్శన వస్తువులలో పెక్కింటిని వారు తమ సొంత కార్ఖానాలలోనే తయారుచేసుకొంటారు. 2023లో ప్రారంభమైన నూతన పార్లమెంటు భవనంలో భూభ్రమణాన్ని చూపే ఫూకో లోలకం ఒకటి వ్రేలాడుతున్నది. పైకప్పు నుండి 22 మీటర్ల పొడవున దిగిన ఆ లోలకపు గుండు బరువు 36 కిలోలు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లియోన్ ఫూకో 1851లో పారిస్ నగరంలో చూపిన ప్రయోగాన్నే మన దేశపు టెక్నీషియన్లు కలకత్తాలో తయారుచేసి ఢిల్లీలో నిలబెట్టారు. శాసనకర్తల తలల పైన ఊగుతున్నది కార్మికుల విద్య.

ఇట్టి ప్రదర్శనలను నడిపించడం నిర్మించడం కంటె కష్టం. వేయి మంది పిల్లలు వచ్చిన రోజున ఒక్కొక్క మీటను వేయిమార్లు నొక్కుతారు. కొందరు నొక్కరు, గుద్దుతారు. పిడిని త్రిప్పరు, దానికి వ్రేలాడుతారు. అందుచేత ఇంటి స్విచ్చు ఇక్కడ పనికిరాదు. పిల్లవాని వ్రేలు చిక్కుకొనే సందు ఉండరాదు; కరెంటు తగిలే చోటు ఉండరాదు; చెడిన భాగాన్ని అరగంటలో విప్పి మార్చే వీలుండాలి. ఫ్రాంక్ ఓపెన్‌హైమర్ అను భౌతికశాస్త్రవేత్త 1969లో శాన్ ఫ్రాన్సిస్కో నగరంలో ఎక్స్‌ప్లొరటోరియం అను విజ్ఞాన ప్రదర్శనశాలను స్థాపించినప్పుడు, దాని కార్ఖానాను ఏ వెనుక గదిలోనో దాచక, సందర్శకులందరికీ కనబడేటట్లు ఉంచారు. కోసే రంపాన్నీ, అతికే టంకాన్నీ, విఫలమైన నమూనానూ పిల్లలు చూడాలి. విజ్ఞానం చేతులతో పుట్టునదని తెలుసుకోవాలి. ఈ ఒక్క ఆలోచన మన దేశపు ప్రతి ప్రదర్శనశాలకూ, ప్రతి కళాశాలకూ అనుసరణీయమని మేము భావిస్తున్నాము.

దీనికి భిన్నమైన దృశ్యాన్ని కూడ మేము చూచాము. ఒక విహారయాత్రలో, పేరు చెప్పనవసరం లేని ఒక విజ్ఞాన ప్రదర్శనశాలకు వెళ్లాము. మొదటి గదిలో పదకొండు యంత్రాలు ఉండగా వాటిలో ఆరింటిపై ‘పనిచేయుటలేదు’ అను చీటీలు ఉన్నవి. చీటీల అంచులు పసుపు పచ్చబడి ఉన్నవి. అనగా అవి నిన్నమొన్న అంటించినవి కావు. గోడపై చలువరాతి ఫలకం మాత్రం తళతళ మెరుస్తున్నది. దానిపై ప్రారంభోత్సవం చేసినవారి పేర్లు బంగారు అక్షరాలతో ఉన్నవి. మాతో వచ్చిన ఒక చిన్నవాడు పనిచేయని మీటను పదేపదే నొక్కి, చివరకు, ‘ఇది నాకు రాదు’ అన్నాడు. యంత్రం చెడినదని వాడు అనుకోలేదు. తనకే తెలివి లేదనుకున్నాడు. మరమ్మతు లేని ప్రదర్శన ఊరకనే ఉండదు. అది పిల్లలకు తప్పు పాఠం చెబుతుంది.

అశ్రద్ధ మరింత ముదిరితే ఏమగునో ఇటీవలి చరిత్ర చెప్పుచున్నది. 2016 ఏప్రిల్ 26న ఢిల్లీలోని జాతీయ ప్రకృతి విజ్ఞాన మ్యూజియం అగ్నికి ఆహుతి అయినది. 2018 సెప్టెంబరు 2న బ్రెజిల్ దేశపు జాతీయ మ్యూజియం తగులబడినది. 1818లో స్థాపించిన ఆ సంస్థలోని దాదాపు రెండు కోట్ల వస్తువులలో అత్యధిక భాగం ఒక్క రాత్రిలో నశించినది. ఆడిటోరియంలోని ఒక ఎయిర్ కండిషనరు వద్ద మంటలు మొదలైనవని అక్కడి పోలీసు దర్యాప్తు తేల్చినది. రెండు వందల సంవత్సరాల పండితుల శ్రమ ఒక విద్యుత్ పరికరం ముందు నిలువలేకపోయినది. తీగలను తరచి చూచే మనిషికి ఇచ్చే జీతం ఖర్చు కాదనీ, అది భీమా అనీ చెప్పుటకు ఇంతకు మించిన సాక్ష్యం అక్కరలేదు.

మా వాదానికి ఎదురు వాదాలు లేకపోలేదు. ‘ఈ ఉద్యోగాలు ఎన్ని ఉన్నవి? వాటి కోసం పిల్లలను తయారుచేయడం ఎందుకు?’ అని కొందరు పెద్దలు అడుగవచ్చు. ఈ ప్రశ్న న్యాయమైనదే. మ్యూజియంలలో శాశ్వతమైన కొలువులు కొద్ది. కాంట్రాక్టు పద్ధతిన పనిచేసేవారికి భద్రత తక్కువ. ఈ నిజాన్ని మేము దాచము. అయితే పదవ తరగతి పిదప ఐ.టి.ఐ.లో ఫిట్టరు, వడ్రంగి, ఎలక్ట్రీషియన్ శిక్షణ పొందినవారిని విజ్ఞాన మ్యూజియంలు టెక్నీషియన్లుగా తీసుకుంటున్నాయి. పట్టభద్రులకు బరోడా, కాశీ విశ్వవిద్యాలయాలలో మ్యూజియాలజీ చదువు ఉన్నది. లక్నోలో వస్తు సంరక్షణకే ప్రత్యేకించిన జాతీయ ప్రయోగశాల ఉన్నది. ఇవి మన విద్యార్థులలో ఎందరికి తెలుసు? కొలువు దొరకకపోవడం వేరు. కొలువు ఉన్నదని తెలియకపోవడం వేరు. పైగా ఈ చేతిపని నేర్చినవాడు మ్యూజియంలోనే బ్రతకాలని నియమం లేదు. కొలిచి, గీసి, కోసి, అతికి, పరీక్షించి చూచే అలవాటు ఏ ప్రయోగశాలలోనైనా, ఏ ఆసుపత్రిలోనైనా, నుమాయిష్‌లోని ఏ అంగడిలోనైనా అన్నం పెడుతుంది.

‘ఇక ముందు అంతా తెరల మీదనే, బొమ్మలు చేసేవారితో పని ఏమి?’ అను మాట కూడ వినబడుతున్నది. నిజమే, మ్యూజియంలలో తెరలు పెరిగాయి. కాని తెర సైతం చెడిపోవును. చెడిన తెర కంటె చెడిన లోలకాన్ని బాగుచేయడం సులభం. అన్నింటికి మించి, బరువును చేతితో ఎత్తి చూచిన పిల్లవానికి కలిగే జ్ఞానం బరువు బొమ్మను చూచినవానికి కలుగదు.

ఈ విషయం ఇతరుల కంటె మనకు ఎక్కువగా చెందినదని మేము ఎందుకు అంటున్నాము? మన కళాశాలలో చదివేవారిలో చాలమంది చేతిపని చేసేవారి బిడ్డలు. జరీ పనివారు, గడియారాల మరమ్మతుదారులు, అద్దాలు కోసేవారు, బీరువాలు చేసేవారు మన తండ్రులు, మామలు, చిన్నాన్నలు. ఉర్దూలో హునర్ అను ఒక చక్కని పదం ఉన్నది. పనితనమనే అర్థంతో పాటు దానిలో గౌరవం కూడ ఇమిడి ఉన్నది. ఉస్తాద్ వద్ద శాగిర్దు ఏండ్ల తరబడి కూర్చుని నేర్చుకొనే సంప్రదాయం మనది. బిదరీ పనినే తీసుకోండి. జింకు, రాగి కలిపిన లోహంపై వెండిని పొదిగి, బీదరు కోట మట్టితోను నవాసారంతోను రుద్ది, లోహం నల్లబడి వెండి తెల్లగా మెరిసేటట్లు చేస్తారు. ఆ నలుపు లోహమంతటా ఉండదు, పైపొర మాత్రమే. తెలియనివాడు మురికి అనుకొని దానిని పాలిష్ పెట్టి తోమితే వస్తువు సొగసే పోతుంది. బిదరీ కార్మికుని ఇంట పుట్టిన బాలునికి ఇది పుస్తకం చదువకనే తెలుసు. మ్యూజియంలో బిదరీ వస్తువులను కాపాడేవారు తెలుసుకోవలసిన మొదటి పాఠమూ ఇదే.

అయినను జరుగుతున్నది ఏమిటి? తండ్రి చేతిలోని విద్యను విడిచి రావడాన్నే మనం చదువు అనుకుంటున్నాము. తండ్రులు కూడ, ‘మేము పడిన కష్టం మా పిల్లలకు వద్దు’ అని అంటున్నారు. వారి మాటలో ప్రేమ ఉన్నది. వారి చేదు అనుభవం ఉన్నది. దానిని మేము తప్పు పట్టము. కాని కష్టం వేరు, విద్య వేరు. కష్టాన్ని వదిలించుకోబోయి విద్యను కూడ వదిలివేస్తున్నాము. ఒక వంక మ్యూజియంలలో యంత్రాలు చేతుల కోసం ఎదురుచూస్తున్నాయి. మరొక వంక ఆ చేతులు గల ఇండ్లలో పిల్లలు చేతిపనిని చెప్పుకొనుటకు సిగ్గుపడుతున్నారు. ఈ రెండింటికీ నడుమ వంతెన వేయవలసినది కళాశాల కాక మరెవరు?

దూరం పోనక్కరలేదు. మన భౌతికశాస్త్ర విభాగంలో సూర్యకుటుంబపు నమూనా ఒకటి ఉన్నది. పిడి త్రిప్పితే గ్రహాలు తిరగాలి. లోపలి బెల్టు తెగి, మూడు సంవత్సరాలు భూమి కదలలేదు. మూడు తరగతులవారు దాని ప్రక్కగా నడిచి వెళ్లి పరీక్షలు వ్రాసి ఉత్తీర్ణులైనారు. వారిలో మేమూ ఉన్నాము. నిరుడు వార్షిక ప్రదర్శనకు ముందు, మేమందరము చాచా అని పిలుచుకొనే ప్రయోగశాల సహాయకులు ఒక సాయంకాలం దానిని విప్పి, కుట్టుమిషను బెల్టును కొలతకు కత్తిరించి అమర్చారు. భూమి తిరిగినది. ఇంత సులభమైన పని ఇన్నాళ్లు ఎందుకు ఆగినదని మేము అడుగగా, ఆయన, ‘ఎవరైనా అడిగి ఉంటే ఎప్పుడో చేసేవాణ్ణి బేటా’ అన్నారు. ప్రదర్శన నాడు ఆ నమూనా ప్రక్కన మా పేర్లు గల అట్టముక్క ఉన్నది. చాచా పేరు లేదు. వ్రాసినది మేమే, మరచినదీ మేమే.

కనుక కళాశాల కార్యవర్గపు పెద్దలకు సవినయంగా మూడు మనవులు చేయదలచాము. ఒకటి: విజ్ఞాన విభాగాల వెనుక వాడకం లేక పడి ఉన్న గదిలో ఒక చిన్న కార్ఖానాను ఏర్పాటు చేయాలి. ఒక బల్ల, ఒక పట్టుడు, రంపము, డ్రిల్లు, టంకపు కడ్డీ, మీటరు చాలును. వారానికి రెండు సాయంకాలాలు విద్యార్థులు అక్కడ ప్రయోగశాల పరికరాలను బాగుచేయడం నేర్చుకోవాలి. మన బస్తీలలోని ఉస్తాదులను గౌరవంగా పిలిపించి, తగిన పారితోషికమిచ్చి, వారిచేత పాఠం చెప్పించాలి. రెండు: ప్రతి పరికరానికీ మరమ్మతుల పుస్తకం ఒకటి ఉండాలి, ఎప్పుడు చెడినది, ఎవరు బాగుచేశారు, ఏ భాగం మార్చారు అన్నది అందులో వ్రాయాలి. మూడు: ఈ సంవత్సరం నుండి వార్షిక ప్రదర్శనలో ప్రతి వస్తువు ప్రక్కనా దానిని చేసినవారి పేరుతో పాటు బాగుచేసినవారి పేరును కూడ వ్రాయాలి. ఈ మూడవదానికి పైసా ఖర్చు లేదు. మనస్సు ఉంటే చాలును.

విద్యార్థి మిత్రులకు ఒక మాట. ఈసారి మీరు సాలార్ జంగ్ మ్యూజియానికి వెళ్లినప్పుడు గడియారం గంట కొట్టేంత వరకు అందరితో పాటు నిలబడండి, చప్పట్లు కొట్టండి. ఆ తరువాత ఒక్క నిమిషం ఆగి, గాజుపెట్టె మూలలను చూడండి, దీపం ఏ వైపు నుండి పడుతున్నదో చూడండి, వస్తువును పట్టిన కొక్కెం ఎక్కడ దాగి ఉన్నదో వెదకండి. గదిలో కాపలా ఉన్నవారిని, ‘దీనిని బాగుచేసేవారు ఎవరండీ?’ అని అడగండి. వారు చెప్పిన పేరును ఇంటికి తెచ్చుకోండి. మేము తెచ్చుకోలేకపోయాము, అడగాలన్న తలంపే మాకు అప్పుడు కలుగలేదు.